ఎర్రచేతుల గుహకు కాపలా

సదయ్య ఎవరినీ నమ్మడు. బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు, అందులో చివరి పద్దెనిమిదేళ్లు సర్దార్‌గా. మనుషులు లోపలికి అడుగుపెట్టకముందే పైకప్పును కర్రతో తట్టి, గట్టిగా ఉందో బోలుగా ఉందో చెవితో పసిగట్టడం సర్దార్ పని. తట్టిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి రావాలి. గుర్తు లేకపోతే ఎవరూ చూడనట్టే లెక్క. నెత్తిమీది కప్పునే నమ్మనివాడు మనుషులను నమ్ముతాడా?

రిటైరై గోదావరిఖని నుంచి సొంతూరు చేరాక ఆయన అనుమానాలన్నీ ఊరి వెనక గుట్ట మీదికి మళ్లాయి. అక్కడొక గుహ ఉంది. అది ఎవరూ తవ్వింది కాదు, తనంత తాను ఏర్పడింది. లోపలి గోడ మీద ఏ కాలం వాళ్లో ఎర్రమన్నుతో అద్దిన చేతులున్నాయి. పోయిన ఏడాది సర్కారు దాని ముందు నీలం బోర్డు పాతింది: గీకినా, రాసినా, పగలగొట్టినా చట్టప్రకారం నేరం, జైలు, జుర్మానా.

ఆ బోర్డు కోసం దరఖాస్తు పెట్టింది సదయ్యే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు సీతాఫలాలకని గుట్టెక్కినప్పుడు ఆయన భార్య లింగవ్వ, ఆ చేతుల్లోకెల్లా చిన్నదాని ఎదుట, గోడకు తగలకుండా తన అరచెయ్యి పెట్టి, "సూడు, అచ్చం నా చెయ్యే" అంది. ఆమె పోయి రెండేళ్లు. ఇంట్లో ఫొటో ముందు నిలబడలేడు గానీ ఆ చెయ్యి ముందు నిలబడగలడు. వారానికోసారి పోతాడు.

వానలు మొదలయ్యాక పెద్దపల్లి నుంచి స్కూటీ మీద దీప వచ్చింది. గుహ బాధ్యత చూసే ఆఫీసరు.

"తాతా, లోపట ఎవరో తెల్లగ రాస్తున్నరు. చెమ్మకు కరిగి చేతుల మీదికి కారుతున్నది. ఆపకుంటే జాలీ గేటు పెట్టి తాళమేస్తం. అప్పుడు మీరు సుత లోపటికి పోరాదు."

సదయ్య చెవిలో ఏదో బోలుగా మోగింది.

ఆనాటి నుంచి ఆయన కంటికి అందరూ దొంగలే. జ్యోతినగర్ నుంచి బండ్ల మీద వచ్చే జంటలను నిలేసి జేబులు చూపించమన్నాడు. అడుగులు పడతాయని గుహ వాకిట్లో బూడిద చల్లాడు. తన చెప్పులు, మేకల గిట్టలు తప్ప ఏమీ పడలేదు. మేకలంటే వాటిని కాసే ఎల్లేశం.

"ఏందిరా, గుట్ట మీదికి సున్నం డబ్బ ఎందుకు మోస్తున్నవ్?"

"గుర్తుకు కొమ్ములకు పూస్త కాకా. గోడల మీద రాసేటంత సదువు నాకేడిది?"

"నవ్వకు. బోర్డు మీద ఏమున్నదో ఎరుకేనా?"

"నువ్వు రోజు సదివి ఇనిపిస్తనే ఉన్నవ్ గద. మా మేకలకు సుత నోటికొచ్చింది."

ఆ నవ్వే ఎల్లేశాన్ని పట్టించింది అనుకున్నాడు సదయ్య. శుక్రవారం దీప మళ్లీ వచ్చినప్పుడు, ఎల్లేశం ఎదురుగానే, గుహ ముందు కూర్చుని ఫిర్యాదు రాసిచ్చాడు.

దీప చదివింది. సంతకం దగ్గర ఆగింది. తోక సాగదీసిన 'స', కింద గీత, గీత కింద తారీఖు. ఫోన్ తీసి, గుహలోని రాతల ఫొటోను కాగితం పక్కన పెట్టింది.

"తాతా, ఇది ఎవరి రాత?"

"గది నాదే. రాత కాదు బిడ్డా, గది గుర్తు. పైన తట్టి సూసి, మంచిగున్నదని పెట్టిన."

"ఎన్నిసార్లు?"

"పోయినప్పుడల్ల. పెట్టకుంటే సూడనట్టే గద!"

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు వినపడలేదు. లోపలికి నడిచాడు. చిన్న చెయ్యికి సరిగ్గా పైన, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ తన 'స'లే. కరిగిన సుద్ద చూపుడువేలి మీదుగా జారి ఎండిపోయింది. కండువాతో తుడవబోతే దీప మణికట్టు పట్టుకుంది.

"వద్దు తాతా. తుడిస్తే ఎరుపు సుత పోతది."

వెనకాల ఎల్లేశం ఈసారి నవ్వలేదు. "బూడిదల పడ్డ చెప్పులు సుత నీయే గద కాకా" అన్నాడు మెల్లగా.

సదయ్య బయటికి వచ్చి ఫిర్యాదులో ఎల్లేశం పేరు కొట్టేశాడు, తన పేరు రాశాడు. జేబులోని సుద్దముక్కను తీసి కాగితం మీద పెట్టాడు.

దీప ఆయనను హెచ్చరికతో వదిలింది. గేటు మాత్రం తప్పలేదు.

ఇప్పటికీ వారానికోసారి పోతాడు. జాలీలోంచి ఎంత వంగినా చిన్న చెయ్యి కనపడదు, బండ మలుపు అడ్డం. తాళాన్ని రెండుసార్లు గుంజి చూస్తాడు. తాళాన్నీ నమ్మడు. మొన్న ఎల్లేశం మేకలను వదిలి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా నా మీద అనుమానమేనా కాకా?"

"సున్నం డబ్బ ఏది?"

"ఇంటికాడ."

"అయితే కూసో."