ఉరుము సారు వేషం

బళ్ళో పిల్లలు ఆయనకు ఉరుము సారని పేరు పెట్టారు. డ్రిల్లు మాస్టారు. గొంతు విప్పాడంటే గోడ అవతల బస్సు కోసం నిలబడ్డ జనం కూడా వరసలు సర్దుకోవాల్సిందే. మనసు మాత్రం వెన్న. అలాంటి మనిషికి రెండేళ్ళుగా ఒకటే వేషం, తోటి పిల్లల్ని ఏడిపించే పొగరుబోతు పిల్లాడు.

బళ్ళలో ఈ ఏడిపింపులను ఎలా ఆపాలో టీచర్లకు నాటకాలతో నేర్పే శిక్షణలోది ఆ వేషం. చూసేవాళ్ళలో ఎవరైనా చప్పట్లు కొట్టి నాటకం ఆపవచ్చు, లేచి వచ్చి ఏడుస్తున్న పిల్ల పక్కన నిలబడవచ్చు. ఆ పిల్ల వేషం లెక్కల టీచరమ్మది. నాటకం అయిన ప్రతిసారీ మాస్టారు ఆవిడ దగ్గరికి పరిగెత్తి, "ఏమనుకోకండమ్మా" అని చేతులు జోడించేవాడు.

ఏడిపించే మాటలు అసలైనవై ఉండాలిగా! అవి కూతురు ఇచ్చేది. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది తండ్రీ కూతుళ్ళిద్దరే. భోజనాల దగ్గర, "ఈ మధ్య ఏమని ఏడిపిస్తున్నారే పిల్లలు?" అని అడిగేవాడు. తొమ్మిదో తరగతి పిల్ల, తల ఎత్తకుండా చెప్పేది. "అబ్బ, ఇది బాగుంది!" అంటూ ఎడంచేత్తో నోటుబుక్కులో గిలికేవాడు. బాగుందట! వింటే ఒళ్ళు మండదూ?

శిక్షణ చివరి రోజు పిల్లలే వచ్చి టీచర్లకు పాఠం చెప్పాలి. వచ్చినవాళ్ళలో కూతురూ ఉంది. ముందు వరసలో కూర్చుంది. ముందుగా నాటకం మొదలైంది. మాస్టారు లెక్కల టీచరమ్మ మీదికి వెళ్ళి నాలుగు మాటలు ఉరిమి, ఐదోది మరిచిపోయాడు.

కూతురు కూర్చున్నచోటి నుంచే మెల్లగా అందించింది. ఊపులో ఉన్న మనిషి, అందుకుని ఉరిమేశాడు.

"నీ మొహం చూడలేకే మీ అమ్మ చచ్చిపోయిందే!"

హాలంతా చప్పట్లు. ఆపడానికి కాదు, మెచ్చుకోలుకు. ఆ మాట నోటుబుక్కులో లేదు. లెక్కల టీచరమ్మకు చేతులు జోడించడం కూడా ఆ రోజు మరిచిపోయాడు.

ఇంటికి నడిచే దారిలో సగం దూరం వచ్చాక మాస్టారు అడిగాడు.

"అది... నిన్నే అన్నారామ్మా?"

"ఊఁ."

"మరి మిగతావన్నీ?"

"అవీ నన్నే."

"నాకొక్క మాట చెప్పకపోయావా తల్లీ!"

ఆ పిల్ల ఆగి తండ్రి వైపు చూసింది. కోపంగా కూడా లేదు.

"రోజూ చెప్పాను కదా నాన్నా. నువ్వు రాసుకున్నావు."