అక్క గొంతు మింగేసిన రెండో భాగం

మా అక్కకు ఫిషింగ్ హార్బర్ దగ్గర మెస్సు ఉండేది. అందులో ఒక ఫైటింగు సినిమా సీను తీశారు, మెస్సు ఆవిడగా అక్కనే పెట్టి. ఊరంతటితో కొట్లాడి వచ్చిన హీరో అక్క ముందు కూర్చుని, చేపల పులుసన్నం తింటూ తింటూ ఏడ్చేస్తాడు. అక్క కంచంలో ఇంకో ముక్క వేసి, "తినీసెల్లు నాన్నా" అంటుంది. అంతే సీను. జనం మాత్రం ఫైట్లు మర్చిపోయి దాన్నే పట్టుకున్నారు. మెస్సుకొచ్చి, అక్క చేత ఆ మాట అనిపించుకుని మరీ తినేవారు.

కానీ తెర మీద గొంతు అక్కది కాదు. ఎవరో హైదరాబాద్ ఆవిడ చేత చెప్పించారు. "మొకం నాది, గొంతు ఎవులిదో ఏటి? ఇదేటి సోద్యం!" అని అక్క హాల్లోనే లేచి నిలబడి తిట్టింది. అందుకే రెండో భాగానికి అడగడానికొస్తే గొంతు కూడా తనదే ఉండాలంది. దర్శకుడు ఒప్పుకున్నాడు. భీమిలి ఒడ్డున మెస్సు సెట్టు వేసి తీశారు, మాటలు కూడా అక్క చేతే చెప్పించారు. ఆ రోజు ఇంటికొచ్చిన అక్క మొహం చూడాలి!

సినిమా విడుదల కాకముందే అక్క గుండె ఆగి పోయింది.

ఇంట్లో ఫొటోలకు కొదవ లేదు. గొంతే ఎక్కడా లేదు. మేం వీడియో తీద్దామని ఫోను ఎత్తితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి. ఇక బావకు ఒక్కటే ధ్యాస. "సినిమా రానీ బావ, దాని గొంతు ఇందాం" అనేవాడు నాతో, నన్నూ బావ అనే పిలుస్తాడు. అన్నం తింటూ అదే మాట, డ్యూటీకి వెళ్తూ అదే మాట.

మొదటి రోజు మార్నింగ్ షోకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సినిమా మొదలవగానే అక్క కనిపించింది. చేతిలో పులుసు గిన్నె. గుమ్మంలోకొచ్చి, హీరోని చూసి నోరు తెరిచింది. ఢాం! బాంబు. దాని మీద డప్పులు, దాని మీద కోరస్సు. అక్క పెదాలు మెల్లగా కదులుతూనే ఉన్నాయి, వెనక మంట లేస్తోంది. మెస్సు మెస్సంతా గాల్లోకి లేచిపోయింది. హాలంతా ఒకటే ఈలలు.

తర్వాత కార్లు ఓడల మీద, ఓడలు రోడ్ల మీద. ఆ హీరోకి ఆకలి లేదు, నిద్ర లేదు, అన్నం పెట్టిన మనిషి పోయిందన్న బాధ లేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బండెక్కేశాడు. నీ ఇల్లు బంగారం గానూ డైరెక్టరూ, ఒక్క క్షణం ఆ మోత ఆపితే నీ సొమ్మేం పోయిందయ్యా! నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

ఇంటర్వెల్‌లో బావ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

"అక్క ఏటందో ఇనబడనేదు బావ" అన్నాను.

"నాకు తెలిసింది" అన్నాడు. బావది ఉక్కు ఫ్యాక్టరీలో రోలింగ్ మిల్లు డ్యూటీ. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పెదాలు చూసే మాట్లాడుకుంటారు. "'సల్లారిపోతంది, లోపలికి రా' అంది. పెదాలు సూసాను కదా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పోన్లే బావ, మాటైనా దొరికింది."

"మాట నాకెందుకు బావ? అది రోజూ అనేదే" అన్నాడు. "గొంతు కోసం కదా వచ్చాను."

అని, టిక్కెట్ల కోసం జనం తోసుకుంటున్న ఆ హాలు మెట్ల మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.