జనరల్ గారికి దిష్టి చుక్క

ఉద్యోగం నిలబడుతుందో లేదో తెలియని రోజుల్లో మనిషి ఎవరికైనా దండం పెడతాడు. నేనైతే ఏకంగా ఒక బ్రిటిష్ జనరల్‌కే పెట్టాను. హైదరాబాదులో ఓ దినపత్రిక డెస్కులో నాలుగేళ్లు పనిచేసి, అమెరికా వచ్చి చదువు ముగించి, వాషింగ్టన్ దగ్గర ఒక మ్యూజియంలో తాత్కాలిక పనికి కుదిరాను. పాత అచ్చు బొమ్మలను ఒక్కొక్కటీ చూసి, ఎక్కడ చిరిగింది, ఏ మరక ఉంది అని కంప్యూటర్‌లో నమోదు చేయాలి. నెలాఖరుకు పొడిగిస్తే ఉంటాను. లేకపోతే విమానం ఎక్కాల్సిందే. పని లేకుండా ఉండటానికి వీసా ఇచ్చిన రోజులన్నీ అప్పటికే అయిపోయాయి.

నా వంతుకు వచ్చినవన్నీ ఒకే జనరల్ బొమ్మలు. అమెరికాలో ఓడి, తరువాత మన దక్షిణాదికి వచ్చి గెలిచిన మనిషి. ఒకదానిలో ముక్కు చిలుక ముక్కు, మరొకదానిలో మిరపకాయ బజ్జీ. (అచ్చు కోసం ఆ బొమ్మలను రాగిరేకు మీద చెక్కినవాళ్లలో చాలామంది ఆయన్ను చూసే ఉండరని మా విభాగం పెద్దావిడ చెప్పింది. మంత్రి ఫొటో దొరక్క మా పత్రికలో ఆయన తమ్ముడిది వేసిన రోజు గుర్తొచ్చి వాళ్లను క్షమించేశాను.) ఆయన సేన నడిచిన దారిలో పాడుబడిన ఊళ్లు, శవాలు ఏ బొమ్మలోనూ లేవు. గుండీలు మాత్రం అన్నింటిలోనూ మెరుస్తున్నాయి.

ఒక శుక్రవారం, గదిలో ఎవరూ లేని సమయంలో, ఒక బొమ్మ చేజారింది. వంగబోతుంటే బూటు అంచు తగిలింది. కాగితానికి కాలు తగిలితే మనవాళ్లు ఏం చేస్తారో అదే చేశాను. ఠక్కున వేళ్లతో తాకి, కళ్లకద్దుకుని, అప్పుడు బొమ్మ ఎత్తాను. ఉదయం దిట్టంగా పెట్టుకున్న కాటుక నా వేలికి, వేలి నుంచి జనరల్ ఎడమ చెంపకు చేరింది. గుండ్రంగా, పసిబిడ్డకు తల్లి పెట్టినట్టు.

ఆ సాయంత్రం, మేముండే షాంటిలీ ఊళ్లో, నాతో గది పంచుకునే వరంగల్ అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

"మన రాజ్యాలు గుంజుకున్నోడికి మొక్కి, పైనుంచి దిష్టి చుక్క గూడా పెట్టినవా?"

"నవ్వకక్కా. సోమవారం రిపోర్ట్ నేనే రాయాలి."

"ఎవరన్నా చూసిన్రా?"

"లేదు."

"ఇంకేంది! మచ్చ ముందు నుంచే ఉందని రాసెయ్. అంత పాత కాగితం, ఎవరు చెక్ చేస్తరే? నీ ఎక్స్‌టెన్షన్ ఫస్ట్, జనరల్ నెక్స్ట్!"

సోమవారం 'పాత మరక' అని టైప్ చేశాను. చెరిపేశాను. పత్రికలో ఎన్ని తప్పులకు సవరణ వేయకుండా తప్పించుకున్న వేళ్లో అవి! ఆ ఒక్కసారి ఎందుకు మొరాయించాయో తెలియదు. 'కాటుక. ఉద్యోగి వేలి నుంచి. గత శుక్రవారం' అని రాసి పంపాను.

పెద్దావిడ పిలిపించింది. కళ్లద్దాలు తీసి, "ఆయన్ని ముద్దు పెట్టుకున్నావా?" అని అడిగింది.

"లేదు మేడమ్. క్షమాపణ అడిగాను."

"ఆయన్నా?"

"కాగితాన్ని."

పొడిగింపు రాలేదు. చివరి రోజు ఆవిడ నా చేయి పట్టుకుని, "ఇంత నిజాయితీగా రాసిన రిపోర్ట్ నా సర్వీసులో చూడలేదు" అంది. ఆ ముక్క ఏదో స్టాంపు వేసి ఇప్పించండి, ఎయిర్‌పోర్ట్‌లో చూపించుకుంటాను అనడానికి తగిన ఇంగ్లిష్ అప్పట్లో నాకు రాలేదు. మళ్లీ ఈ దేశం రావడానికి అయిదేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ ఇంగ్లిష్ అంతా వచ్చు. 'పాత మరక' అని రాసి చెరపకుండా పంపడమూ వచ్చు. ఆ రోజు 'కాటుక' అని రాసిన నాలోని ఆ పిచ్చిపిల్ల ఎక్కడైనా ఎదురుపడితే నవ్వుతాను గానీ, ముందుగా చూపు తిప్పుకునేది మాత్రం నేనే.