తప్పు పెడల్‌ది కాదు, నా ఎడమ కాలిది

ఆ ఉదయం గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే రోడ్డులో మిరపకాయల ట్రాక్టరు ఒకటి నా ముందు పోతోంది. ఆ ఘాటుకు దాని వెనక ఎవరూ ఎక్కువసేపు సైకిలు తొక్కలేరు. దాటేద్దామని సీటు మీంచి లేచి గట్టిగా తొక్కాను. రెండు నిమిషాలకే ఎడమ తొడ బరువెక్కింది. నొప్పి అని చెప్పలేను. కాలు నాది కానట్టు అనిపించింది. ఆగి కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. మూడు నిమిషాల్లో అంతా మామూలైపోయింది. నిద్ర చాలలేదేమో అనుకుని మళ్ళీ సైకిలెక్కాను.

నా పేరు సుజాత. నలభై రెండేళ్ళు. హైస్కూల్లో పీఈటీ టీచర్ని. చిన్నప్పుడు పరుగు పందేలకు వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక అన్నీ మానేసి, ముప్పై ఐదు దాటాక రోడ్డు సైకిలు మొదలుపెట్టాను. మా ఆయన నాగేశ్వరరావు గారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆయనకు సైకిలంటే ఆసక్తి లేదు గానీ, నేను తొక్కడమంటే ఉంది. ఆ ఏడు గుంటూరు నుంచి సింగరాయకొండ దాకా ఒక్కరోజులో వెళ్తానని నేనంటే, మారు మాట్లాడకుండా పవర్ మీటర్ పెడల్స్ తెప్పించారు. చూడడానికి మామూలు పెడల్స్‌లాగే ఉంటాయి. లోపల సెన్సర్లుంటాయి. మనం ఎంత బలంతో తొక్కుతున్నామో వాట్లలో లెక్కగట్టి, హ్యాండిల్ మీది చిన్న స్క్రీనుకు పంపుతాయి. ఎడమ కాలి వాటా ఎంత, కుడి కాలి వాటా ఎంత అన్నది కూడా నూటికి ఇంతని విడివిడిగా చూపిస్తాయి. నాకెప్పుడూ యాభైకి ఒకటి అటూ ఇటూ ఉండేది.

ట్రాక్టరు సంగతి జరిగిన వారానికి గమనించాను. నెమ్మదిగా తొక్కితే రెండు కాళ్ళూ సమానం. గట్టిగా తొక్కితే ఎడమది నలభై ఆరు, నలభై నాలుగు, నలభై రెండు. నా అనుమానం పెడల్ మీదికే పోయింది. బ్యాటరీలు మార్చాను, కాలిబ్రేషన్ చేశాను. ఎడమ పెడల్ తీసి కుడివైపు బిగించి చూద్దామంటే కుదరదు, ఎడమదాని మరలు కుడిదానికి వ్యతిరేక దిశలో తిరుగుతాయి. ఇక మిగిలింది వేరే మనిషి కాళ్ళతో చూడడం. సైకిల్ని ఇంట్లో, ఉన్నచోటే తొక్కడానికి వాడే ట్రైనర్ స్టాండుకు బిగించి మా ఆయన్ని ఎక్కమన్నాను.

లుంగీ ఎగగట్టి, చెప్పులతోనే ఎక్కారు. పది నిమిషాలు తొక్కమని, చివర్లో బలమంతా పెట్టమని చెప్పాను. చెమటలు కారుతున్నా ఆయాసపడుతూ తొక్కారు పాపం. ఆ పొట్టా, ఆ తంటాలూ చూసి నాకు నవ్వాగలేదు. స్క్రీను మీద మాత్రం నలభై తొమ్మిది, యాభై ఒకటి. యాభై, యాభై. చివరిదాకా అంతే. ఆయన దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆ అంకెలు చూశారు.

"పెడల్ బాగానే ఉంది సుజా," అన్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, "రేపు సెలవు పెట్టు. డాక్టరు దగ్గరికెళ్దాం."

మొదట ఎముకల డాక్టరు గారికి చూపించాం. బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తించారు, మడిపించారు. నడుముకు ఎమ్మారై తీయిస్తే ఒక డిస్కు కొంచెం ఉబ్బిందని వచ్చింది. సైకిలు మీద వంగి కూర్చుంటారు కదమ్మా, దానివల్లే అని ఫిజియోథెరపీ రాశారు. ఆయన్ని తప్పు పట్టను. ఆ బల్ల మీద ఉన్నంతసేపూ నా కాలికి ఏ జబ్బూ లేదు మరి. మూడు నెలలు వ్యాయామాలు చేశాను. మా ఆయన పక్కన కూర్చుని లెక్కపెట్టేవారు. నేను పది అంటే ఆయన ఎనిమిదే అయ్యాయనేవారు. ఇంత చేసినా ఎడమ కాలు నలభైకి దిగింది. స్కూల్లో పిల్లలతో పరుగెత్తినా తొడ పట్టేసి పాదం తిమ్మిరెక్కేది. ఇంకో డాక్టరు నరాలకు మాత్రలిచ్చారు. మత్తు తప్ప మార్పు లేదు. వయసు మీద పడుతుంటే ఒప్పుకోలేక నేనే ఏదో ఊహించుకుంటున్నానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

దారి చూపించింది ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి. "ఆగిన మూడు నిమిషాలకే తగ్గిపోతుందంటే ఇది నరం కాదేమో మేడం. ఒకసారి రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్‌కి చూపించండి," అంది.

ఆ సర్జన్ యాభై ఏళ్ళావిడ. మా ఆయన నా రోజువారీ అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసి తెచ్చారు. ఆవిడ అన్ని పేజీలూ తిరగేసి, సైకిలు తెచ్చారా అని అడిగారు. ఆయన అప్పటికప్పుడు ఇంటికి వెళ్ళి, సైకిలూ స్టాండూ ఆటోలో వేసుకొచ్చారు. తొక్కకముందు రెండు చీలమండల దగ్గరా బీపీ చూస్తే సమానంగా ఉంది. కాలు బరువెక్కేదాకా తొక్కించి, వెంటనే పడుకోబెట్టి మళ్ళీ చూశారు. కుడి కాలిలో బాగానే ఉంది. ఎడమ కాలిలో దాదాపు సగానికి పడిపోయింది. రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాను, సీటీ యాంజియో చేశాక ఖాయమైంది. గజ్జల పైనుంచి కాలికి రక్తం తీసుకెళ్ళే ఎక్స్‌టర్నల్ ఇలియాక్ ఆర్టరీ లోపలి గోడ మందమైంది. తొడ వంచి వంచి ఏళ్ళ తరబడి తొక్కేవాళ్ళకు అరుదుగా వస్తుందట. ఎండోఫైబ్రోసిస్ అన్నారు. జబ్బుకు పేరు దొరికిందని సంతోషంతో ఏడ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

"ప్రాణానికి భయం లేదు," అన్నారు డాక్టరు గారు. "గట్టిగా తొక్కడం మానేస్తే ఆపరేషన్ అక్కర్లేదు. తొక్కాలంటే ఆపరేషన్ కావాలి. అందులో రిస్కుంది. మళ్ళీ మూసుకుపోయే అవకాశమూ ఉంది. ఆలోచించుకోండి."

మానేస్తానని ఆటోలోనే మా ఆయనతో అన్నాను. మర్నాడు సాయంత్రం ఇద్దరం గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నప్పుడు, ఆయన చేతిలో పని ఆపకుండానే అన్నారు.

"నువ్వు తొక్కకపోతే నాకేం నష్టం లేదు. కానీ తొక్కొచ్చిన రోజున నువ్వు ఇంట్లో వేరే మనిషివి సుజా. ఆ మనిషి నాకిష్టం."

"మీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది."

ఆపరేషన్ చేయించుకున్నాను. రక్తనాళం తెరిచి, మందమైన పొర తీసి, కాలి సిరలోంచి తీసిన ముక్కతో అతుకు వేశారు. ఇంటికొచ్చిన రెండు వారాలకు గజ్జల్లో నిమ్మకాయంత వాపు వచ్చింది. లింఫ్ నీరు చేరిందని సూదితో తీశారు. అది మళ్ళీ చేరింది, మళ్ళీ తీశారు. మూడుసార్లు అలాగే. ఆ రోజుల్లో వంటంతా మా ఆయనదే. పప్పులో ఒకరోజు ఉప్పుండేది కాదు, మర్నాడు ఆ లోటు కూడా తీర్చేవారు.

నాలుగో నెలలో డాక్టరు గారు సరేనన్నాక ట్రైనర్ మీద ఎక్కాను. ఎడమ కాలు నలభై నాలుగు. మళ్ళీ మూసుకుపోయిందనుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. డాప్లర్ చూసి ఆవిడ నవ్వారు. "రక్తం బ్రహ్మాండంగా పోతోంది. ఆ కండ ఏడాదిపాటు పస్తులుందమ్మా, తేరుకోనివ్వు. రెండు నెలలు ఆ అంకె చూడకు," అన్నారు.

చూడకుండా ఉండడం నా వల్ల కాదని మా ఆయనకు తెలుసు. ఇంటికి రాగానే అద్దం మీద అంటించి ఉన్న నా బొట్టుబిళ్ళ ఒకటి తీసి, సరిగ్గా ఆ అంకె కనిపించేచోట స్క్రీను మీద అంటించారు. రెండు నెలలు ఎర్ర బొట్టును చూస్తూ తొక్కాను. తీసి చూసిన రోజు నలభై ఎనిమిది. ఇప్పటికీ అంతే, యాభై కాలేదు. దాని గురించి దిగులూ లేదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు తొక్కుతున్నాను. ఎక్కువ వంగకుండా హ్యాండిల్ ఎత్తు పెంచుకున్నాను. రోజూ ఆస్పిరిన్, ఏడాదికోసారి డాప్లర్. సింగరాయకొండ ఇంకా వెళ్ళలేదు, తొందరపడడమూ లేదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ బాధ ఏ పని చేస్తే వస్తుందో, ఆ పని చేయించి చూడమని డాక్టర్ని అడగండి. మొహమాటపడకండి. మా స్కూల్లో లెక్కల టీచరు గారికి మెట్లెక్కితే పిక్క పట్టేస్తుంది, కూర్చుంటే ఏమీ ఉండదు. మొన్న ఆమెకు తోడు వెళ్ళాను. బల్ల మీద పడుకోబెట్టి చూసి, అంతా బాగుందన్నారు డాక్టరు గారు. మెట్లెక్కించి చూస్తారా అని నేనే అడిగాను.

"సరే, ఎక్కి రండి. నేనిక్కడే ఉంటాను," అన్నారు.

ఆమె చెయ్యి పట్టుకుని మూడో అంతస్తు దాకా నేనూ ఎక్కాను.