దొరబాబు ఎక్కే బండి

బాలాత్రిపురసుందరి గారు నమ్మకం మీద ఏ పనీ చెయ్యరు. ఇది ఆమె మీద నింద కాదు, ఆమె వృత్తి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నారు. ఇతరులు రాసిన ప్రోగ్రాము బ్రహ్మాండంగా పని చేస్తుందని వాళ్లు ఒట్టుపెట్టి చెప్పినా, చెయ్యదని అనుమానించి, ఆ అనుమానాన్ని రుజువు చేసినందుకు నెలనెలా జీతం పుచ్చుకునే ఉద్యోగం అది. తణుకు నుంచి డిగ్రీ పట్టా పట్టుకొచ్చి, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సులో చేరినప్పుడు ఆమెకు తెలియదు గాని, పుట్టుకతో వచ్చిన గుణాన్ని ఉద్యోగంగా మార్చి ఇచ్చింది ఈ ఊరే.

ఆ గుణం ఆఫీసు గేటు దగ్గర ఆగిపోలేదు. లింగంపల్లిలో వాళ్ల అపార్టుమెంటు లిఫ్టు బాగుచేసిన మనిషిని ముందు ఒక్కణ్ణే ఐదో అంతస్తుకు పంపి, అతను క్షేమంగా తిరిగి వచ్చాకే ఆమె అందులో కాలు పెడతారు. "ఇయ్యాల్టి కూరలే అమ్మా" అన్న బండివాణ్ణి, "నిన్న కూడా ఇదే అన్నావు కదా?" అని అడుగుతారు. కాలనీలో ఆమెను ఇంతవరకు ఎవరూ మోసం చెయ్యలేదు. అందుకు కావలసినంత ఓపిక ఎవరి దగ్గరా లేదు.

భూమ్మీద ఆమె అనుమానించని ప్రాణులు రెండే. దొరబాబు, చిట్టి. దొరబాబు పదకొండేళ్ల కిందట ఒక వానరోజు ఆఫీసు పార్కింగులో ఆమె కారు కింద దొరికిన గోధుమరంగు నాటుకుక్క. ఇప్పుడు మూతి నెరిసి, రిటైరైన తహసీల్దారు పెన్షను కాగితాల కోసం ఎదురుచూస్తున్నట్టు బాల్కనీలో కూర్చుంటాడు. చిట్టి మూడేళ్ల నల్లటి ఆడకుక్క. ఎవరు ఏ తలుపు తీసినా, ఎందుకని అడక్కుండా లోపలికి దూకుతుంది.

చిక్కు జూన్‌లో మొదలైంది. ఆమె భర్త రవికిరణ్ గారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయనకు డెహ్రాడూన్ బదిలీ అయింది. ఆయన ముందు వెళ్లి ఇల్లు చూసుకున్నారు. నవంబరు నుంచి అక్కడ కూర్చునే పని చేసుకోవచ్చని ఈవిడకు కంపెనీ అనుమతి ఇచ్చింది. మిగిలింది కుక్కలు. దూరం దాదాపు పద్దెనిమిది వందల కిలోమీటర్లు.

విమానంలో కుక్కల్ని సామాన్ల అరలో పెడతారని తెలిసి ఆమె ఆ మాటే మళ్లీ ఎత్తలేదు. రైల్లో విడిగా పెట్టె ఉంటుందన్నారు. "నా కళ్లెదుట లేనివాడు క్షేమంగా ఉన్నాడని నేనెలా అనుకుంటానండీ?" అన్నారు. ఇక రోడ్డు ఒక్కటే దారి. అక్కడ అసలు అడ్డంకి దొరబాబే.

ఏడాదిగా దొరబాబు ఏ బండీ ఎక్కడం లేదు. తలుపు తీస్తే దగ్గరిదాకా వస్తాడు, ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, తరవాత హుందాగా కూర్చుండిపోతాడు. ఎత్తి కూర్చోబెట్టబోతే గుర్రుమంటాడు. ఒకసారి రవికిరణ్ గారి మణికట్టు కూడా పళ్లతో పట్టుకున్నాడు. అంతకుముందే ఒకసారి కార్లో తీసుకెళ్లి సూది వేయించారు కనక, అప్పటినుంచి వీడికి బండి అంటే భయం పట్టుకుందని బాలగారు తేల్చారు. ఆమె తేల్చాక అప్పీలుండదు.

"రోజుకు పదిసార్లు ఎత్తి దించుతూ, కరిపించుకుంటూ ఐదురోజులు ఎలా వస్తావు?" అన్నారు రవికిరణ్ గారు ఫోన్లో. "బాచుపల్లిలో ముసలి కుక్కల్ని చూసుకునే చోటు ఉందట. దొరబాబుని అక్కడ ఉంచుదాం. చిట్టిని తెచ్చుకో."

ఆమె వెళ్లి చూశారు. అతి శుభ్రంగా ఉంది. నీళ్లగిన్నెల్లో ఏ కుక్కా మూతి పెట్టిన జాడ లేదు. అదొక్కటే చాలు అనుమానించడానికి. కానీ ఆమెను నిద్రపోనివ్వనిది గిన్నెలు కావు. గేటు దగ్గర ఒక ముసలి కుక్క ఉంది. గేటు చప్పుడైన ప్రతిసారీ తల ఎత్తి, వచ్చిన మనిషిని చూసి, మళ్లీ తల కింద పెట్టుకుంటోంది.

చివరికి మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం కుదిరింది. అక్టోబరు ఇరవై ఐదులోగా, ఎవరి చెయ్యీ పడకుండా దొరబాబు తనంతట తాను ఎక్కే బండి దొరికితే, దొరబాబు వస్తాడు. దొరక్కపోతే బాచుపల్లి.

ఆమె కంప్యూటర్లో ఒక పట్టిక తెరిచి బండికి నలభై ఒక్క పరీక్షలు రాశారు. ఆఫీసులో శ్యామ్ అనే కుర్ర సహోద్యోగి, ఒకసారి లడఖ్ వెళ్లొచ్చి ఆ విషయం ఎవరికీ మరిచిపోయే అవకాశం ఇవ్వనివాడు, సలహా ఇచ్చాడు. "బాలగారూ, బండి నేలకి ఎంత ఎత్తుంటే అంత మంచిది. మిగతావన్నీ తరవాత." ఆమె అతన్నీ అనుమానించారు గాని, ఇంటర్నెట్టులో నలుగురు అదే చెప్పేసరికి ఎత్తుకు ఎక్కువ మార్కులు వేశారు.

మొదట కొండాపూర్ షోరూముకు కుక్కలతో సహా వెళ్లారు. ఓంకార్ అనే సేల్స్ కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

"ఫ్యామిలీలో ఎంతమంది మేడమ్?"

"నలుగురం. ఇద్దరు మాట్లాడరు."

"పెద్దవాళ్లా మేడమ్?"

"ఒకరు."

మొదటి బండి తలుపు తియ్యగానే చిట్టి దూకి స్టీరింగు ముందు కూర్చుంది. దొరబాబు తలుపుదాకా వచ్చి, ఆగి, షోరూమంతా పరికించి, కూర్చున్నాడు. "మేడమ్, దీనికి సన్‌రూఫ్ కూడా ఉంది" అని ఓంకార్ నేరుగా దొరబాబుకే విన్నవించుకున్నాడు. ప్రయోజనం లేకపోయింది.

రెండోది ఇంకొంచెం ఎత్తయిన బండి. మూడోది ఇంకా ఎత్తు. నాలుగోది శ్యామ్ సొంత జీపు. దాన్ని చూడగానే దొరబాబు కూర్చోవడం కూడా మానేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఆమె ఊరుకోలేదు. సీట్ల వాసన పడటంలేదేమోనని పాత దుప్పటి పరిచారు. పాటలు పెట్టారు, తీసేశారు. లోపల బిస్కెట్లు పెట్టారు. దొరబాబు మెడ చాచి, అందినంతమేరకు బిస్కెట్లు తిని, నిర్ణయం మాత్రం మార్చుకోలేదు.

అక్టోబరు ఇరవయ్యో తారీకున ఎవరో చెబితే దొరబాబుని మూసాపేటలో ఎల్లేశం షెడ్డుకు నడిపించుకుంటూ తీసుకెళ్లారు. నడిపించుకుంటూ అంటే మెట్రో స్టేషను పక్కనుంచే. అక్కడిదాకా, షోరూములకు వెళ్లినట్టే, ఇద్దరు మనుషులు ఎత్తి పడేసిన ఆటోలో మూలుగుతూ వచ్చాడు. ఎల్లేశం పాత బండ్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. షెడ్డు ముందు సిమెంటు అరుగు. బైకులు ఎక్కించడానికి అరుగుకు ఒక పక్క వాలు. ఆ అరుగు మీద అతని భార్య సక్కుబాయి చిక్కుడుకాయలు తుంచుతోంది. అరుగును ఆనుకొని పక్కకు జరిగే తలుపున్న ఒక తెల్లటి పాత వ్యాను ఆగి ఉంది.

"దీని చరిత్ర ఏమిటండీ?" అన్నారు బాలగారు.

"చరిత్రేంది మేడం, బడి పిల్లల్ని తీస్కపోయేటిది."

"ఏ బడి?"

"గిప్పుడు లేదు. మూసేసిన్రు."

"ఎందుకు మూసేశారు?"

"నాకేమెరుక మేడం! నేను బండ్లమ్ముకునేటోన్ని."

ఈ జవాబులో ఏదో దాగి ఉందని ఆమె ఇంకో ప్రశ్న వెయ్యబోయేలోగా దొరబాబు వాలు మీదుగా అరుగెక్కాడు, సక్కుబాయి చిక్కుడుకాయల్ని ఒకసారి వాసన చూశాడు, తెరిచి ఉన్న తలుపులోంచి వ్యానులోకి నడిచాడు, పడుకొని నిట్టూర్చాడు.

ఇంకొకరైతే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. బాలగారు అలా కాదు. మొదటిసారికే నెగ్గిన పరీక్షను ఆమె జన్మలో నమ్మలేదు. వ్యానులోకి వంగి, అడుగున పరిచిన చాప వాసన చూశారు.

"ఇందులో ఏం చల్లారు?"

"సల్లుడేంది?"

"నిజం చెప్పండి. మాంసం నీళ్లా?"

ఎల్లేశం చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టాడు. "మేడం, మా ఇంట్ల మాకే ఐతారం ఒక్కనాడు. బండ్లకు పోస్తమా?"

"అయితే లోపల ఫినాయిల్‌తో కడిగించండి. బండిని రోడ్డు మీదికి తియ్యండి. అక్కడ ఎక్కమనండి, చూద్దాం."

ఎల్లేశం గొణుక్కుంటూ కడిగాడు, బయటికి తీశాడు. దొరబాబు వ్యాను దగ్గరకొచ్చాడు. ఆగాడు. అటూ ఇటూ చూశాడు. కూర్చున్నాడు.

"చూశారా!" అన్నారు బాలగారు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె మొహంలో తృప్తి కనిపించింది. "కడగ్గానే మానేశాడు. ఏం చల్లారో ఇప్పుడైనా చెబుతారా?"

"ఇగో, ఇజ్జత్ తియ్యకు మేడం! ముప్పై ఏండ్ల సంది గీ అడ్డ మీద ఉన్న..."

"నువ్వు జర ఊకో" అంది సక్కుబాయి మొగుడితో. చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, గోడ పట్టుకొని, రెండు విడతలుగా లేచి, అరుగు అంచుకు వచ్చింది. "ఓ అమ్మా, బుగులు వడ్డ కుక్క తోక కాళ్ల నడుమ వెట్టుకుంటది. గిది జూడు, ఊపుతనే ఉంది. దానికి ఎక్కాలనే ఉంది. కాళ్లు నొస్తున్నయ్, అంతే."

"ఇందాక ఎక్కాడు కదా?"

"ఇందాక ఎక్కలే తల్లీ, నడిచింది. అరుగూ బండీ సమానముండె. ఇప్పుడేమో ఎగరాలె. నేను గూడ ఆటో ఎక్కేటప్పుడు గిట్లనే జేస్త. రాడ్ వట్టుకొని జరసేపు ఆగుత. ఎవలో పిలిచినట్టు అటు ఇటు జూస్త. మోకాళ్లు నొస్తున్నయని పదిమంది ముంగట చెప్పుకుంటమా ఏంది?"

బాలగారు వ్యాను వైపు, అరుగు వైపు మార్చి మార్చి చూశారు. ఒక్క దెబ్బకు రెండు సంగతులు మార్చి పరీక్షించకూడదన్నది వాళ్ల వృత్తిలో మొదటిరోజు చెప్పే పాఠం. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు ఆ పాఠం చెప్పేది ఆమే. ఇప్పుడు చాపా కడిగించారు, బండినీ కదిలించారు.

"ఎల్లేశంగారూ, బండిని మళ్లీ అరుగు పక్కన పెట్టండి" అన్నారు చిన్నగా. అతను పెట్టాడు. ఫినాయిల్ కంపులోకే దొరబాబు నడిచివెళ్లి పడుకున్నాడు. ఆమె పక్కన కూర్చొని వెనకకాలి పైన, తుంటి దగ్గర వేలితో మెల్లగా నొక్కారు. దొరబాబు గుర్రుమని, వెంటనే తప్పు చేసినట్టు ఆమె చెయ్యి నాకాడు. ప్రపంచం మొత్తాన్ని అనుమానించే మనిషికి, ఏడాదిగా ఇంట్లో ఒకడు నొప్పి దాచుకుంటున్నాడన్న అనుమానం మాత్రం రాలేదు.

మర్నాడు పశువుల డాక్టరు ఎక్స్‌రే చూసి, తుంటికీళ్లు రెండూ అరిగాయన్నాడు. మాత్రలు రాశాడు. ప్రయాణం చెయ్యొచ్చు, రెండుగంటలకోసారి దింపి నడిపించాలి, ఎగరడం గాని దూకడం గాని పనికిరాదు, అన్నాడు. ఆ మాట విని ఆమె నేరుగా ఎల్లేశం దగ్గరికి వెళ్లి, వ్యాను కావాలన్నారు.

"నేనియ్య" అన్నాడు ఎల్లేశం.

ఆమెకు అనుమానం తిరిగి వచ్చింది. "ఎందుకివ్వరు? ఇంకెవరైనా అడిగారా?"

"ఎవలడుగుతరు మేడం దాన్ని! నిజామాబాద్ దాక అది మిమ్ముల తీస్కపోతది. ఆడికెళ్లి మీరు దాన్ని తీస్కపోవాలె." అతను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి ఒక పొడుగాటి పాత కారు చూపించాడు. ఏడుగురు కూర్చునేది, నేలకు ఆనినట్టుగా ఉంది. శ్యామ్ చూస్తే మూర్ఛపోతాడు. "ఎనక సీట్లు తీసేస్త. కుక్క నడిసి ఎక్కేతందుకు చెక్క పలక జేసిస్త."

ఆమె ఆ కారును ఒక పూటంతా పరీక్షించారు. ఇంజను చప్పుడు వినడానికి వేరే మెకానిక్కును తెచ్చుకున్నారు. ఆ మెకానిక్కు మీద అనుమానంతో మూడోవాణ్ణి కూడా తెచ్చారు. ముగ్గురూ ఒకే మాట చెప్పేసరికి, కూడబలుక్కున్నారేమోనని ఒక్క నిమిషం ఆలోచించి, ఒప్పుకున్నారు. ఎల్లేశం చెక్కపలకకు రబ్బరు చాప మేకులతో బిగించాడు. వాలు ఎంతుండాలో ఆమె లెక్కకట్టారు. దొరబాబు ఒకసారి ఎక్కబోయి ఆగి, ఆ లెక్కను కొట్టేశాడు. పలక ఇంకో అడుగు పెరిగింది. ఈసారి ఎక్కాడు. అది ఇరవై నాలుగో తారీకు.

ఆమె ఫోన్ చేశారు. "దొరబాబు వస్తున్నాడండీ. వాడిది భయం కాదు, కీళ్లనొప్పి. నేనే తప్పు తేల్చాను."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో రవికిరణ్ గారు ఈ ఆఖరి వాక్యాన్ని ఎప్పుడూ వినలేదు. "అయితే నన్ను కరిచింది..."

"మీరు సరిగ్గా తుంటి దగ్గరే పట్టుకొని ఎత్తారు."

"పాపం, మెల్లగానే పట్టుకున్నాడు" అన్నారాయన. తరవాత, "ఐదురోజులు చాలవు బాలా. ఎనిమిది పెట్టుకుందాం. సెలవు పెట్టి నేనూ అక్కడికి వచ్చి మీతో బయల్దేరతాను."

ఆదిలాబాద్ దాటాక, మహారాష్ట్ర ఇంకాస్త దూరంలో ఉందనగా, ఒక తనిఖీ దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా మీద ఐలయ్య అని ఉంది. స్టీరింగు ముందు బాలగారు, పక్కన రవికిరణ్ గారు, ఆయన ఒళ్లో చిట్టి.

"ఎనక ఏమున్నది?"

"కుక్కండి" అన్నారు బాలగారు.

"గా పలకేంది?"

"ఆయన దిగడానికి."

"ఎవలు?"

"దొరబాబు."

ఐలయ్య కారులోకి తొంగిచూశాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు, పలకను వేలితో కొట్టి లోపల బోలుగా ఉందేమో విన్నాడు. బాలగారికి ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

"కుక్క కోసం పలకా? దింపున్రి, చూస్త."

ఆమె దిగి పలక వేశారు. దొరబాబు మెల్లగా కిందికి వచ్చాడు, ఐలయ్య బూట్లు క్షుణ్ణంగా వాసన చూశాడు, రోడ్డు పక్క గడ్డిలో తన పని ముగించుకొని వెనక్కి వచ్చాడు. పలక సగం ఎక్కి ఆగిపోయాడు. వెనకకాళ్లు కొద్దిగా వణికాయి. రవికిరణ్ గారి చెయ్యి ముందుకు రాబోతే బాలగారు ఆపారు.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఐలయ్య వెనక్కి తిరిగి, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. లారీ వెనక బస్సు, బస్సు వెనక ఇంకో మూడు లారీలు ఆగాయి.

దొరబాబు ఊపిరి పీల్చుకొని, ఒక కాలు, తరవాత ఇంకో కాలు వేసుకుంటూ పైకి వెళ్లి, దుప్పటి మీద చుట్ట చుట్టుకున్నాడు.

"ఇగ పోండ్రి" అన్నాడు ఐలయ్య, చెయ్యి దించుతూ.