కాడి కొలిచిన ట్రాక్టరు

మొన్న కాలవలు వదిలిన వారంలో ఒక ఉదయం, వరండాలో కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే పొలం వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ప్రార్థన ముగించి, కాఫీ తాగి, కూర పొయ్యి మీంచి దించేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. ఏదో పాడయిందేమో అనుకున్నాను. పాడవలేదు, దమ్ము అయిపోయిందట. పొలాల అవతల కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీదుగా ఎవరిదో పెద్ద ట్రాక్టరు వచ్చి, నీళ్ళు పెట్టిన మా చేనంతా ఊడ్పులకు బురద చేసి, అటునుంచి అటే వెళ్ళిపోయింది. మా ఇంటి ముందుకు రాలేదు, తోటలోంచి పోలేదు, దాన్ని నడిపిన మనిషి ఎవరో నాకు తెలియదు. మంచిదే. దేవుడు ఇంత సుళువు చేశాడు, స్తోత్రం. కానీ ఆ రోజంతా నాకు అటక మీద ఉన్న కాడి గుర్తొస్తూనే ఉంది.

కాడి అంటే ఎడ్ల మెడ మీద వేసేదే. నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అయితే మా వైపు దానికి ఇంకో పని కూడా ఉండేది. అన్నదమ్ములు పొలాలు పంచుకున్నప్పుడు పెద్దలు ఒక కాడిని అడ్డంగా పట్టుకుని గట్టు పొడుగునా నడిచేవారు. అది ఎటూ తగలకుండా సాగితే దారి సరిపోయినట్టు. అందుకే ఆ దారుల్ని కాడిదారులనేవాళ్ళం. మా ఇంటి నుంచి తోటలోంచి చేలోకి వెళ్ళేది కూడా అలాంటి కాడిదారే, ఒక పక్క నీళ్ళు పారే పంటబోదె, ఒక పక్క కొబ్బరిచెట్లు. ఎకరం తోట, దాని వెనక రెండెకరాల వరిచేను, అంతే మా ఆస్తి. ఆ చేలోనే మా మావగారు చిన్నప్పటి నుంచి ఇంకొకరి పాలేరుగా అరక దున్ని, సగం వయసు గడిచాక, అదే చేను తన పేరున రాయించుకున్నారు. ఆయన చదువుకోలేదు. నేనూ బడికి వెళ్ళలేదు. గుడిలో ఉపదేశిగా పనిచేసిన మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు నేర్పారు. కాపురానికి వచ్చాక సాయంత్రాలు నేను బైబిలు వాక్యం చదివితే మావగారు పక్కన కూర్చుని వినేవారు.

డెబ్బైల చివర్లో ఒక చలికాలం, మా ఆయన పచ్చకామెర్లతో పోయారు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. మా సీమలో ఎక్కడ తవ్వినా మూరెడు లోతుకే నీరూరుతుంది కదా, తోట మొత్తంలో మెరకగా ఉన్నది దారి మలుపు దగ్గరి మూలొక్కటే. అక్కడే సమాధి చేశారు. గొయ్యి తవ్వబోయే ముందు మావగారు పశువుల పాకలోంచి కాడి తెచ్చి దారికి అడ్డంగా పరిచి, దాని కొస దగ్గర తోటవైపు గీత గీసి, ఆ గీత దాటి దారిలోకి రాకుండా తవ్వమన్నారు. కొడుకుని పెట్టుకుని దారి కొలుస్తున్నాడేమిటీ ముసలాయన అని జనం గుసగుసలాడారు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు ఏమీ అనిపించలేదు.

ఆ తరవాత చాలా నెలలు నాకు ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు. గుడిలో ఆడవాళ్ళు ముందు ఓదార్చారు, తరవాత వింతగా చూశారు. పొయ్యి వెలిగించేదాన్ని, పిల్లలకు జడలు వేసేదాన్ని, సాయంత్రం వాక్యం చదివేదాన్ని. నా గొంతు నాకే పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుండేది. ఎవరేమడిగినా మీ ఇష్టం అనేదాన్ని.

ఎడ్లని ఆయన జబ్బులోనే అమ్మేశాం. ఎండాకాలం రాగానే, చేను ఎవరు చేస్తారన్న మాట వచ్చింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అమలాపురంలో మాస్టారు. మనసున్న మనిషి. చేను పక్క ఆసామికి కౌలుకిచ్చేసి నన్నూ పిల్లల్నీ మావగారినీ తన దగ్గరికి వచ్చేయమన్నారు. ఆ ఆసామి ఎవరో కాదు, మావగారు ఏ ఇంట్లో పాలేరుగా చేశారో ఆ ఇంటివారే. మావగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు కొడుకుని పిలిచి, కాలవలు వదలగానే మనంతట మనం దమ్ము చేసుకోగలిగితే చేను మన చేతిలో ఉంటుంది, లేకపోతే నువ్వు చెప్పినట్టే కౌలు అన్నారు. ఎడ్లని తోలే వయసు ఆయనకు లేదు. మా తమ్ముడు మామిడికుదురు వైపు లారీ నడిపేవాడు, వాడికి ఇంజను తెలుసు, ఎడ్లు తెలియవు. అద్దె ట్రాక్టర్లు రోడ్డు పక్క చేలకే వచ్చేవి, కాడిదారిలో దిగేవి కావు. కాబట్టి చిన్న ట్రాక్టరొకటి చూడాలన్నారు. నన్నడిగితే మీ ఇష్టం అన్నాను. మా ఆయన తాలూకు సొమ్ము, నా మెడలోది కలిపి సరిపెట్టారు, ఆ సంగతీ నేను పట్టించుకోలేదు.

ట్రాక్టరు చూడ్డానికి నలుగురం బస్సెక్కాం. మావగారు తువ్వాలు చుట్టిన కాడిని నిటారుగా ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నారు. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టనా అని హాస్యమాడాడు. ట్రాక్టర్ల కొట్టులో అమ్మే కుర్రాయన ఎదురొచ్చి, నవ్వు దాచుకోలేక, "తాతగారూ, ఎడ్లని బయట కట్టేసేరా ఏంటండీ?" అన్నాడు.

"ఎడ్లు లేవండి. దారుంది. దాని కొలతండి ఇది," అన్నారు మావగారు.

"టేపుందండి మా దగ్గిర."

"ఉంటదండి. మీ టేపుకి మా దారి తెలీదు కదండీ."

ఆ కుర్రాయన మర్యాదస్థుడే. అన్నీ ఓపిగ్గా చూపించాడు. పెద్దది చూస్తే బావగారికి మనసైంది, మన పనయ్యాక అద్దెకు తిప్పుకోవచ్చు, అవసరమైతే మళ్ళీ అమ్ముకోవచ్చు అన్నారు. మావగారు కాడిని దాని ముందు అడ్డంగా పట్టి చూశారు. చక్రాలు రెండు పక్కలా కాడిని మించిపోయాయి. తరవాత రెండే చక్రాలున్న టిల్లరు చూపించి, దీని వెనక నడిస్తే చాలండి అన్నాడతను. మావగారు దాని పిడులు కాసేపు పట్టుకుని నిలబడ్డారు. "నడిచే మనిషి పోయేడండి," అని వదిలేశారు. చివరికి మూలనున్న చిన్న ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎర్రరంగుది, చిన్నపిల్ల బొమ్మలా ఉంది. కాడి పట్టి చూస్తే చక్రాలు రెండూ లోపలే ఉన్నాయి, పక్కకి వేళ్ళు దూరేంత ఖాళీ కూడా ఉంది. మావగారు నా వంక తిరిగి, "ఏమంటావమ్మా?" అన్నారు. నేను మీ ఇష్టం మావయ్యగారూ అన్నాను. నాకు గుర్తున్నదల్లా ఆ కొట్టులో కొత్త రబ్బరు వాసన, అంతే.

బండి ఇంటికొచ్చిన నాడు గుడిలో అయ్యగారొచ్చి ప్రార్థన చేశారు. తమ్ముడు దాన్ని తోటలోంచి చేను దాకా నడిపి చూపించాడు. మలుపులో సమాధి పక్కనుంచి, గడ్డిపరకైనా నలగకుండా సాగిపోయింది. మావగారు వెనకాల నడుస్తూ కాడిని భుజాన పెట్టుకుని, ఆ నెలల్లో మొదటిసారి నవ్వారు.

కాలవ వదిలారు. చేలోకి నీరెక్కింది. ఇరుగుపొరుగు చేలల్లో దమ్ములు మొదలయ్యాయి. ఆ ఉదయం బావగారు కూడా సెలవు పెట్టుకుని వచ్చారు. బండితో పాటు వచ్చిన ఇనప చక్రాలు రెండు పాకలో గోడకి ఆనించి ఉన్నాయి. బురదలో రబ్బరు చక్రాలు జారతాయి, దమ్ముకి ఇనప చక్రాలు తొడగాలి. ఇది తమ్ముడికి తెలుసు, కొట్టు కుర్రాయనా చెప్పాడు, మేమందరం విన్నాం. వాకిట్లో గట్టినేల మీద తమ్ముడు వాటిని తొడిగాడు. బండి మలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇంజను ఆపేసి తమ్ముడు దిగి రెండు పక్కలా చూసి, తల గోక్కున్నాడు.

"అక్కా, పట్టట్లేదే."

ఇనప చక్రాలు రబ్బరు వాటికన్నా వెడల్పు. ఒక పక్క బోదె గట్టు, ఇంకో పక్క మా ఆయన మట్టిదిబ్బ. ఏడాది తిరగనిదే సిమెంటు కట్టరు కదా, ఇంకా మట్టిదిబ్బే. మేం కాడి పట్టింది రబ్బరు చక్రాలకి. పుట్టినప్పటి నుంచి ఎడ్లతో చేసినవాళ్ళం. మెట్టలో దున్నినా బురదలో దున్నినా ఎద్దు వెడల్పు మారదు. పనిని బట్టి వెడల్పు మారే వస్తువొకటి ఉంటుందని మా బుర్రకి తట్టలేదు.

ఎండెక్కుతోంది. పక్క చేలో ఆసామి తాలూకు మనుషులు పని ఆపి చూస్తున్నారు. మావగారు కాడిని నేల మీద పెట్టి దాని మీదే కూలబడ్డారు. బావగారు వంగి, దిబ్బ అంచునీ చక్రాన్నీ జానతో కొలిచారు. కష్టపెట్టుకుంటూనే అన్నారాయన.

"జానెడే నాన్నా. అంచు కాస్త చెక్కితే పోద్ది. నా తమ్ముడేగా, ఆడేం అనుకుంటాడు? ఆడి చేను కోసవే కదా."

"నన్నడక్కురా," అన్నారు మావగారు, తలెత్తకుండా.

"పోనీ కౌలుకిచ్చేద్దాం. ఇంత బాధెందుకండీ మనకి?"

ముగ్గురూ నా వంక చూశారు. మీ ఇష్టం అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఆ మట్టి మీద అప్పుడే మొలిచిన గరిక కనిపిస్తోంది.

"చక్రాలిప్పెయ్ రా," అన్నాను తమ్ముడితో.

"ఇప్పేసి?"

"రబ్బరు వాటితో అవతలికి తోలు. ఇనప చక్రాలు మోసుకెళదాం. చేలో తొడుక్కో."

"ఇక్కడంటే గట్టినేలక్కా. అక్కడ బురదలో జాకీ దిగబడిపోద్ది."

"గట్టు మీద చెక్క వేసుకో."

ఇంతే నేను అన్నది. వాడు గొణుక్కుంటూనే విప్పి, రబ్బరు చక్రాలు తొడిగి, బండిని చేను గట్టుకు చేర్చి వచ్చాడు. చక్రం ఒక మనిషి ఎత్తలేనంత బరువు. మావగారు లేచి తను కూర్చున్న కాడినే అందించారు. చక్రాన్ని కాడికి మోకుతో వేలాడగట్టి, ముందు కొస తమ్ముడు, వెనక కొస నేను ఎత్తుకున్నాం. మలుపు దగ్గర దిబ్బకి తగలకుండా పక్కకి వాలి నడవాలి. కుడి భుజం వంచి, అడుగులో అడుగేసుకుంటూ దాటాను. భుజం కోసుకుపోయింది. అబ్బా అన్నాను. ఎన్నో నెలల తరవాత నాకు నొప్పి తెలిసింది. రెండో చక్రానికి బావగారు ఇస్త్రీ పంచె ఎగ్గట్టి, "నువ్వు తప్పుకోమ్మా," అని వెనక కొస అందుకున్నారు. పొద్దువాలేసరికి సగం చేను దమ్మయింది, మర్నాటికి మిగతాది. కౌలు మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

ఆ రాత్రి వాక్యం చదువుతూ మధ్యలో ఏడ్చేశాను. మావగారు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూశారు. ఆయనకు చదవడం రాదు, అయినా చాలాసేపు దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు.

అప్పటి నుంచి ప్రతి ఏటా, కాలవలు వదలగానే, బండి ముందు వెళ్ళేది, వెనక మేం కాడి మీద చక్రాలు మోసుకెళ్ళేవాళ్ళం. సిమెంటు కట్టించాక కూడా అంతే, దారి వెడల్పు చేద్దామని ఎవరూ అనలేదు. పిల్లలు పెద్దయ్యాక వాళ్ళూ ఒక కొస పట్టారు. మావగారు ఉన్నన్నాళ్ళూ ముందు నడిచి ఆ మలుపులో నిలబడి, మేం దాటేదాకా చూసేవారు. తరవాత ఆయనకూ కొడుకు పక్కనే చోటిచ్చాం. ట్రాక్టరు పాతబడింది, ఒకరికి ఇచ్చేశాం.

కొత్త రోడ్డు పడ్డాక చేలోకి తోట మీదుగా పోయే పనిలేదు. కాడిదారిలో పిచ్చిగడ్డి, తుమ్మి మొక్కలు మొలిచాయి. సమాధుల దగ్గరికి ఏడాదికోసారి పూలు పట్టుకుని అందరం వెళతాం, ప్రార్థన చేసుకుంటాం, ఫొటోలు తీసుకుంటారు. కానీ ఊరికే పనిమీద పోతూ పోతూ వాళ్ళ పక్కనుంచి దాటడమన్నది ఇప్పుడు లేదు. బతికున్నప్పుడు మనుషులు ఒకరి పక్కనుంచి ఒకరు అలాగే కదా దాటుతారు, బరువు పట్టుకుని, ఆగకుండా. అలా దాటనిచ్చినన్నాళ్ళూ దాటనిచ్చినందుకు దేవునికి వందనాలు.

మొన్న ఆ ట్రాక్టరు చప్పుడు ఆగిపోయాక, సాయంత్రం చేను చూసొద్దామని తోటలోంచి బయల్దేరాను. చేతిలో ఏమీ లేదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి నా కుడి భుజం దానంతట అదే కాస్త వంగింది.