మందలో మేక

ఉదయగిరి బస్సులో నా ఫోన్లో ఒక స్టాండప్ కామెడీ షో పెట్టాను. పల్లెజనం గొర్రెల్లా ఒకరి వెనక ఒకరు పోయి ఓట్లేస్తారని కమెడియన్ అన్నాడు. సగం బస్సు నవ్వింది. మిగతా సగం ఆపమని నా మీదికొచ్చింది. జోకును జోకులా తీసుకోమన్నాను.

నా పక్కనున్న గొర్రెల కాపరి ఆ ముక్క మళ్లీ పెట్టించుకుని విన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

"ఈయన గొర్రెలు మేపినట్టు లేదు నాయనా. గొర్రె తనంతట తాను ముందుకు పోదు. అందుకే మందలో ఒక మేకను పెట్టుకుంటాం. అది ఎటు పోతే అవన్నీ అటే. ఆ మేక మాట ఎత్తడేంది?"

ఈసారి బస్సంతా నవ్వింది. ఆయన మర్రిపాడులో దిగిపోయాడు.

ఆ కమెడియన్ షోలు ఇప్పటికీ వదలకుండా చూస్తాను. మేక ఎప్పుడొస్తుందా అని.